పావు చుట్టు

జూన్ 3, మంగళవారం

గిటార్ వచ్చింది. కొత్తదేం కాదు, నాకు కొత్తది. పాతవాడు ముంజేయి ఆనించినచోట రంగంతా పోయి చెక్క బయటపడింది. అంటే బాగా వాయించిన గిటారే, మూలన పడేసింది కాదు. ఏడాదిలో ఇది మూడోది. మొదటిదాని గొంతు నచ్చక అమ్మేశాను. రెండోదాని నెక్, ఎడమచేత్తో పట్టుకునే కాడ, రోకలిలా లావుగా ఉండి చెయ్యి పట్టేసేది. దీని నెక్ సన్నం. దీనితో ఇబ్బంది ఉండదు.

మా ఆవిడ కుట్టుమిషన్ ఆపి, తలెత్తి చూసి, "మళ్ళీనా" అంది. అంతే. ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు కనక గిటార్ ఎత్తుకుని గదిలోకి పోయాను.

పద్నాలుగో తారీఖున హోటల్ వాళ్ళ ముందు వాయించి చూపించాలి. కుదిరితే రెండేళ్ళ పని, వారానికి నాలుగు సాయంత్రాలు. మా బృందాన్ని నడిపే మాస్టారు నిన్న అందర్నీ కూర్చోబెట్టి, "ఈసారి ఎవరు తడబడినా మొహమాటం లేదు. ఇరవై ఏళ్ళ స్నేహమైనా సరే, ఇంకొకర్ని చూసుకుంటాను" అన్నాడు. అందరికీ చెబుతున్నట్టే చెబుతూ నా వైపు చూశాడు. నా వైపే ఎందుకు చూడాలో తెలీదు.

ఈ ఇంటి పైకప్పు మామయ్యది, గోడలు మామయ్యవి, వీధి తలుపు ఆయన సొంత చేతుల్తో చేసింది. ఇల్లు గడిచేది ముప్పాతిక మా ఆవిడ మిషన్ మీద. నాదంటూ ఉన్నది ఒక్కటే, నన్ను వీధి చివరిదాకా "గిటారాయన" అంటారు. అది పోతే నేను ఉత్త ఇల్లరికపు అల్లుణ్ణి. ఈ మాట ఇక్కడైతే రాసుకోవచ్చు, ఎవరూ చదవరు.

జూన్ 4, బుధవారం

పొద్దున్నే పరీక్ష పెట్టాను. తలవైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూస్తే మధ్యలో పల్లంగా ఉంది. లావు తీగని, నెక్ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు గీతల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటిదాని దగ్గర ఒక వేలితో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కిపెట్టి, మధ్యలో తీగ కింద విజిటింగ్ కార్డు దూర్చాను. ఒక కార్డు పట్టాలి. మూడు పట్టాయి. ఇంతెత్తున తీగలుంటే ఎవడి వేళ్ళయినా అలిసిపోతాయి. నావి కాబట్టి ఆ మాత్రమైనా వాయిస్తున్నాయి.

జబ్బు తెలిసింది కాబట్టి మందు తేలికే. నెక్ లోపల ఇనపకడ్డీ ఉంటుంది. కొసన అలెన్ కీ పెట్టి బిగిస్తే నెక్ వెనక్కి లాగుతుంది, వదులు చేస్తే ముందుకి వంగుతుంది. పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగాలి. చెక్క కుదురుకోవాలి కదా. తొందరపడి ఒకేసారి తిప్పేవాళ్ళు నెక్కులు విరగ్గొట్టుకుంటారు. నాకు ఓపికుంది.

పావు చుట్టు బిగించాను.

జూన్ 6, శుక్రవారం

ఇంకో పావు చుట్టు. ఇప్పుడు కార్డు ఒకటే పడుతోంది, సరిగ్గా. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

వాయిస్తే ఐదో ఫ్రెట్ దగ్గర జిర్రుమంటోంది. మూడో తీగ, నాలుగో తీగ. చెవిలో ఈగ దూరినట్టుంది.

మా ఆవిడ నా షర్టులన్నిటికీ గుండీలు పీకేసి టిచ్ బటన్లు వేసింది. అడిగితే, "ఇప్పుడంతా ఇవే వేయించుకుంటున్నారు" అంది. ఫ్యాషనేమో. ఒకందుకు మంచిదే, ఠప్పున పడతాయి.

జూన్ 7, శనివారం

రోగం ఊరికే ఉండడంలేదు, తిరుగుతోంది. నిన్న ఐదో ఫ్రెట్. ఇవాళ అదే పాట ఇంకాస్త కిందికి దిగి వాయిస్తే ఏడో ఫ్రెట్, ఆ తరవాత తొమ్మిది. నా చిటికెనవేలు ఎక్కడ పడితే అక్కడే జిర్రు. చూపుడువేలితో వాయిస్తే అదే ఫ్రెట్ గంటలా మోగుతోంది. ఇంత విచిత్రమైన నెక్ నేనెక్కడా చూడలేదు. బహుశా మెలి తిరిగి ఉంటుంది. మెలి తిరిగితే ఒక పక్కే తప్పు పలుకుతుందని ఎవరో అనగా విన్నాను.

చిటికెనవేలూ ఉంగరపు వేలూ కాస్త తిమ్మిరిగా ఉన్నాయి. పడుకున్నప్పుడు చెయ్యి ఒంటికింద పడుంటుంది.

జూన్ 9, సోమవారం

మామయ్య పెరట్లో షెడ్డు తలుపు తీసి కూర్చున్నాడు. పనులు మానేసి మూడేళ్ళయినా రోజూ తీస్తాడు, చిత్రికలూ ఉలులూ తుడుస్తాడు, వీధిలో ఎవరి కిటికీ పట్టేసినా సానరాయి మీద ఉలి నూరుకుని వెళ్ళి సరిచేసి వస్తాడు. నలభై ఏళ్ళు దర్వాజాలు చేసిన మనిషి. నన్ను చూసి, "ఏంటల్లుడూ, దానికేమయింది, రోజూ పురిటిగదిలో పెట్టినట్టు తలుపేసుకుని చూస్తున్నావు" అన్నాడు.

"నెక్ వంగింది మామయ్యా. అదే గొడవ."

"ఇటియ్యి."

ఒక కన్ను మూసి చూశాడు. ఆయనకి చెప్పక్కర్లేదు, పలకలన్నీ అలాగే చూస్తాడట. తిప్పి చూశాడు. బొటనవేలు దాని వెన్ను మీద పైనుంచి కిందిదాకా లాగాడు. "మంచి చెక్క. మెలి లేదు. లోపలికి కాస్త, వెంట్రుకవాసి వంపుంది. అంతకు మించి దీన్లో తప్పేం లేదు" అన్నాడు.

ఆ వెంట్రుకవాసి వంపు ఉండాల్సిందే, తీగ ఊగడానికి చోటు కావాలి అని చెప్పాలి. చెప్పలేదు. తప్పేం లేదన్న మాట విన్నాక ఒళ్ళు మండింది. "మీకు తెలీదులెండి, ఇది తలుపు కాదు" అని లాక్కుని వచ్చేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. చెవికి పెన్సిల్ పెట్టుకుని నవ్వాడు.

జూన్ 10, మంగళవారం

పావు చుట్టు వదులు.

జూన్ 11, బుధవారం

పావు చుట్టు బిగింపు.

జూన్ 12, గురువారం

రిహార్సల్లో రెండుచోట్ల తీగ మూగబోయింది. మాస్టారు పాట ఆపించి, "ఏవయ్యా?" అన్నాడు. "నెక్ సమస్య సార్, పాత గిటార్ కదా" అన్నాను. "మొన్నటిదానికీ నెక్ సమస్యేగా" అన్నాడు. ఆ మనిషికి అక్కర్లేనివన్నీ గుర్తుంటాయి.

కీబోర్డు వాయించేవాడు పగలబడి నవ్వాడు. తరవాత నాతో పాటు టీ తాగుతుంటే ఎడమచేతిలోంచి నా గ్లాసు జారి వాడి బూటు మీద పడింది. నిజానికి ఆ నవ్వుకి తగిన శాస్తే.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. ఎటు ఎక్కబోయినా జారుతోంది.

జూన్ 13, శుక్రవారం

రేపే.

కొత్త తీగలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి గిటార్ షెడ్డులో బల్ల మీద ఉంది. కింద మెత్తటి గుడ్డ పరిచి, పైన తిన్నటి ఇనపకమ్మీ పెట్టి, మామయ్య మోకాళ్ళ మీద వంగి చూస్తున్నాడు. నా అలెన్ కీ ఆయన చేతిలో ఉంది. నేను తిప్పుతుంటే పది రోజులుగా కిటికీలోంచి చూశాడట.

"నువ్వు ఊరికే పావూ పావూ తిప్పి సతమతమైపోతున్నావని చేసేశానల్లుడూ. చూడు. కమ్మీ పెడితే వెలుతురు కూడా దూరదు. ఇంత తిన్నగా ఇంకెవడూ చెయ్యలేడు" అన్నాడు. అంత సంబరం ఆయన మొహంలో ఎన్నాళ్ళకి చూశానో. రేపటి పని నాకెంత ముఖ్యమో ఆయనకి వాళ్ళమ్మాయి చెప్పిందట.

సరే మామయ్యా అన్నాను. తీసుకొచ్చి గదిలో పెట్టాను. పొద్దున్న చూసుకోవచ్చు.

జూన్ 14, శనివారం. పొద్దున

ప్యాంటూ షర్టూ ఇస్త్రీ చేసుకున్నాను. బూట్లు తుడిచాను. మళ్ళీ తుడిచాను. గిటార్ ఒకసారి చూశాను. ఆటో పదిన్నరకి. ఇంకా గంటన్నర ఉంది. హడావిడిగా ఉంది, ఇప్పుడేం ముట్టుకోను.

జూన్ 14. సాయంత్రం

అయిపోయింది.

మొదటి పాటలోనే అన్ని ఫ్రెట్లూ జిర్రుమన్నాయి. రెండో పాటలో నా వంతు వచ్చేసరికి తీగలు రేకు డబ్బా మీద గోరుతో గీసినట్టు పలికాయి. హోటల్ వాళ్ళలో ఒకావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మాస్టారు మూడో పాటకి నన్ను ఆపేసి మిగతావాళ్ళతో నడిపించాడు.

కింద లాబీలో అందరూ చుట్టూ చేరారు. "ఏమయింది?" అంటే, "మా మామయ్య చెయ్యి పెట్టాడు సార్. కార్పెంటరు కదా, దర్వాజా అనుకుని తిన్నగా బిగించేశాడు" అన్నాను. అందరూ నవ్వారు. మాస్టారు కూడా. ఆ నవ్వుతో నా మీద కోపం సగం చల్లారింది. హోటల్ వాళ్ళకి మిగతా బృందం నచ్చిందట. ఇరవై ఎనిమిదిన మళ్ళీ వింటారు. "గిటార్ బాగుచేసుకో. ఇరవై ఆరున ఇంటికొచ్చి వింటాను. సరిగ్గా ఉంటే నువ్వు, లేకపోతే టీచరమ్మ" అన్నాడు మాస్టారు. టీచరమ్మ అంటే బళ్ళో లెక్కలు చెప్పుకుంటూ సెలవుల్లో వాయించే అమ్మాయి. చేతిలో నైపుణ్యం ఉంది.

మాస్టారు ఆటోలో నాతోనే వచ్చి మా ఇంట్లో దిగాడు. మంచినీళ్ళు తాగి, మామయ్యతో నవ్వుతూ, "పెద్దాయనా, తలుపులకీ గిటార్లకీ తేడా ఉంటుందండీ. మీరు మరీ తిన్నగా చేసి మావాణ్ణి ముంచారు" అన్నాడు.

మామయ్య కూడా నవ్వబోయాడు. తరవాత నా వైపు చూశాడు. నేను గిటార్ పెట్టె తాళం సరిచేసుకుంటున్నాను.

జూన్ 15, ఆదివారం

మామయ్య నా గది గుమ్మం దగ్గర నిలబడి, "అడక్కుండా ముట్టుకోవాల్సింది కాదల్లుడూ. నేనే చెడగొట్టాను" అన్నాడు.

"పర్లేదులెండి మామయ్యా. తెలీక చేశారు" అన్నాను.

నేను ఆయన్ని క్షమించాను. అలా రాసుకుంటే ఎలా ఉందో చూద్దామని రాశాను. చూశాను.

జూన్ 17, మంగళవారం

పావు చుట్టు వదులు చేశాను. రెండు నిమిషాల పని. కార్డు ఒకటే, సరిగ్గా పడుతోంది. మూడు ఫ్రెట్ల మీద చిన్న స్కేలు ఆనించి చూసుకుంటూ పైనుంచి కిందిదాకా వచ్చాను, ఏ ఫ్రెట్టూ ఎత్తుగా లేదు. తీగలు కొత్తవి. ఈ నెక్‌కి ఇంక వంక పెట్టలేం.

ఎదురింటాయన తలుపు నేలకి రాసుకుంటోందని మామయ్యని పిలవడానికొచ్చాడు. "వేరేవాళ్ళని చూసుకో బాబూ, నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది" అన్నాడు మామయ్య. ఎదురింటాయన వేళాకోళం అనుకుని నవ్వాడు. మామయ్య షెడ్డులోకి వెళ్ళి ఒక చెక్కముక్క కొలిచాడు. పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి కొలిచాడు. కిటికీ మూసేశాను, ఎండ పడుతోందని.

జూన్ 19, గురువారం

ఐదు, ఏడు, తొమ్మిది. జిర్రు. కార్డు సరిగ్గానే పడుతోంది.

జూన్ 20, శుక్రవారం

జిర్రు.

జూన్ 22, ఆదివారం

టీచరమ్మ పాటల కాగితాలు తీసుకెళ్ళడానికొచ్చింది. నేను లోపల వెతుకుతుంటే, "బాబాయ్, ఇదేనా ఆ దర్వాజా గిటార్" అంటూ తీసి వాయించింది. నేను కాగితాలు పట్టుకుని లోపలే నిలబడిపోయాను. ఐదో ఫ్రెట్, ఏడు, తొమ్మిది, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. ఎక్కడా ఒక్క జిర్రు లేదు. కడిగిన గాజుగ్లాసుల్లా ఉన్నాయి స్వరాలు. చిటికెనవేలు అలవోకగా వేస్తోంది, అది అసలు ఒక వేలన్న ధ్యాసే లేదు ఆ పిల్లకి.

"అబ్బ, నెక్ ఎంత బాగుంది బాబాయ్. ఎవరు చేశారు?" అంది.

మామయ్య వరండాలో ఉన్నాడు. ఆయనా విన్నాడు, ఆ ప్రశ్నకి తలెత్తాడు. ఏమీ అనక్కర్లేదు నేను. ఊరుకుంటే చాలు. కానీ నోరు ఊరుకోలేదు.

"పాడైపోయినదాన్ని వారం కూర్చుని నేనే సరిచేశాను" అన్నాను.

మామయ్య తల దించుకున్నాడు.

జూన్ 24, మంగళవారం

ఇవాళ రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధాలే రాస్తుంటే ఈ పుస్తకం ఎందుకు.

పద్నాలుగో తారీఖు పొద్దున నేను గిటార్ చూశాను. చూడ్డం కాదు, కార్డు పెట్టాను. దూరలేదు. మరీ తిన్నగా ఉందని, తీగలన్నీ ఫ్రెట్లకి తగులుతాయని అప్పుడే తెలుసు. పావు చుట్టు వెనక్కి తిప్పితే అయిపోయేది. కీ నా జేబులో ఉంది. గంటన్నర టైముంది. జేబులో చెయ్యి పెట్టి కీ పట్టుకుని, మళ్ళీ వదిలేసి, బూట్లు తుడుచుకున్నాను. నెక్ సరిగ్గా ఉండి నేను తడబడితే తప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. నెక్ తప్పుగా ఉంటే ఆ తప్పు మామయ్యది. అంతే లెక్క. అంత తేలిగ్గా అనుకున్నాను ఆ పొద్దున, చెమట కూడా పట్టలేదు.

నా చెయ్యి పోతోంది. రాశాను. ఏడాదిగా పోతోంది. మూడు గిటార్లలో ఒక్కదానికీ జబ్బు లేదు.

మధ్యాహ్నం మా ఆవిడ భోజనం దగ్గర నా ప్లేటు పక్కన స్పూను పెట్టి కూర్చుంది. నేను చూడనట్టు చేత్తోనే అన్నం కలుపుకున్నాను.

"టిచ్ బటన్లు ఫ్యాషన్ అనుకున్నారా?" అంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"అన్నం తింటూ ఎంగిలి కుడిచేత్తో గ్లాసెత్తడం మొదలుపెట్టినప్పట్నుంచి. మీ అంతట మీరే చెబుతారని చూస్తున్నా. మీ చెయ్యి, మీ ఇష్టం, నేను ఓపిక పట్టగలను." ఆగి, ప్లేటులోకి చూస్తూ అంది, "నాన్ననే చూడలేకపోతున్నానండీ. కొలిచిందే కొలుస్తున్నారు. నిన్న నాతో, 'నా కన్ను పోయిందమ్మా, చెయ్యి కూడా పోయింది, ఇంక ఎవరింట్లోనన్నా ఏదన్నా చెడగొట్టకముందే ఆపెయ్యాలి' అన్నారు. గురువారం శిష్యుణ్ణి రమ్మన్నారు, సామానంతా ఇచ్చేస్తారట."

నోటిదాకా వచ్చింది. మింగాను. ఆమెకి చెయ్యి సంగతి తెలుసు గాని కీ సంగతి తెలీదు. చెబితే ఎలా చూస్తుందో తెలుసు. చెప్పకపోతే ఈ ఇంట్లో ఆయన ఎదురుగా ఎలా తిరగాలో తెలీదు. మాస్టారితో చెబితే గిటారాయన అన్న పేరు పోతుంది, చెప్పకపోతే ఎల్లుండి ఆయన విన్నాక ఎలాగూ పోతుంది. ఎటు లెక్కేసినా నాకు మిగిలేదేం లేదు. గురువారం ఇంకా రెండు రోజులుంది కదా అనుకున్నాను. ఈ ఏడాదంతా నేను అనుకున్నది అదే మాట.

జూన్ 25, బుధవారం

ఏమీ చెప్పలేదు.

జూన్ 26, గురువారం

ముందు శిష్యుడొచ్చాడు. ఒకప్పుడు మామయ్య దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంత షాపు పెట్టుకున్న మనిషి, నాకంటే లావు. "ఎందుకు గురువుగారూ, ఇవి మీ దగ్గరుంటేనే అందం" అని నసుగుతున్నాడు. మామయ్య వినిపించుకోకుండా ఒక్కొక్క చిత్రికనీ పాతగుడ్డలో చుట్టి అందిస్తున్నాడు. శిష్యుడు తాడుతో కడుతున్నాడు. వరండా అంతా మూటలు.

మాస్టారు పదకొండింటికి వచ్చాడు. మూటలు దాటుకుంటూ లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, "ఏదీ, కానీ" అన్నాడు.

వాయించాను. మొదటి రెండు వేళ్ళతో సాగినంతసేపు బానే ఉంది. తరవాత చిటికెనవేలు వెయ్యాల్సి వచ్చింది. వేశాను. జిర్రుమంది. మళ్ళీ వేశాను. తీగ మూగబోయింది. మా ఆవిడ మిషన్ ఆగింది.

"ఇంకా ఆ నెక్ గొడవ తీరలేదటయ్యా?" అన్నాడు మాస్టారు.

నేను నోరు తెరిచేలోపల వరండాలోంచి మామయ్య గొంతు వినిపించింది. ఇటు తిరగలేదు ఆయన, చేతిలో ఉలి గుడ్డలో చుడుతూనే ఉన్నాడు. "నేను మరీ బిగించేశాను బాబూ. లోపల కడ్డీ దెబ్బతినుంటుంది. వాడెంత కష్టపడుతున్నా అందుకే సరవ్వటంలేదు. తప్పు నాది, వాడిని తీసెయ్యకండి."

మాస్టారు నా వైపు చూశాడు. తలూపితే చాలు. ఇంకో వారమో పది రోజులో దొరికేవి. నా తల ఊపడానికి సిద్ధంగానే ఉందని రాయకపోతే ఇవాళ్టిది కూడా అబద్ధమే అవుతుంది.

"నెక్ బాగుంది సార్" అన్నాను. "నా చెయ్యే బాలేదు."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు, మొత్తం చెప్పేశాను. చిటికెనవేలు పట్టు లేదన్నాను. ఏడాదైందన్నాను. "ఆ రోజు మామయ్య బిగించిన సంగతి పొద్దున్నే చూశాను. రెండు నిమిషాల్లో సరిపోయేది. కీ జేబులోనే ఉంది. తిప్పలేదు. తిప్పి ఉంటే తప్పు నాదని తేలిపోతుందని తిప్పలేదు."

మాస్టారు లేచి వచ్చి నా ఎడమచెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడింది. దాన్ని నొక్కి చూశాడు. "మూడు గిటార్లు కొన్నావు కదయ్యా" అన్నాడు. "ఒక్క డాక్టర్ దొరకలేదా నీకు?" తిడితే బాగుండేది. మెల్లిగా అడిగాడు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఎల్లుండి కోసం టీచరమ్మకి ఆ గిటార్ ఇస్తావా అని అడిగాడు. ఆ నెక్ కన్నా మంచి నెక్ ఎక్కడా లేదంటోందట ఆ అమ్మాయి. తీసుకెళ్ళమన్నాను. పెట్టెలో పెట్టి, కీ కూడా అందులో వేసి ఇచ్చాను.

మాస్టారు వీధి మలుపు తిరిగేదాకా మామయ్య ఆగాడు. తరవాత శిష్యుడితో, "విప్పెయ్" అన్నాడు. శిష్యుడికి అర్థం కాలేదు. "అన్నీ విప్పెయ్, ఎక్కడివక్కడ పెట్టెయ్." వాడు మూటలు మోసుకుంటూ షెడ్డులోకి వెళ్ళాక నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళలో నా మీద గొంతెత్తని మనిషి. ఇవాళా ఎత్తలేదు.

"పన్నెండు రోజులు" అన్నాడు. "నా కన్ను పోయిందనుకున్నా. చెయ్యి పోయిందనుకున్నా. నలభై ఏళ్ళలో చేసిన తలుపులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, వాటిలో ఎన్ని వంకరగా పెట్టానో అని లెక్కపెట్టుకున్నా. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు."

"తప్పయింది మామయ్యా."

"చెయ్యి పోతుంటే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నీకొక్కడికే తెలుసు. తెలిసే నా మీద పెట్టావు."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. వెళ్ళి శిష్యుడికి ఏది ఎక్కడ పెట్టాలో చెబుతూ కూర్చున్నాడు. మా ఆవిడ మిషన్ మళ్ళీ నడిచింది. నేను ఉన్నచోటే ఉన్నాను. బయటికి వెళ్ళాలంటే ఆయన ముందునుంచే వెళ్ళాలి.

జూన్ 27, శుక్రవారం

మా ఆవిడ అన్నం పెట్టింది. మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు.

జూన్ 29, ఆదివారం

నిన్న హోటల్ వాళ్ళు ఒప్పుకున్నారట. టీచరమ్మ బాగా వాయించిందట. కీబోర్డువాడు ఫోన్ చేసి చెప్పాడు, ఈసారి నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను.

జూలై 1, మంగళవారం

డాక్టరమ్మ నా రెండు చేతులకీ చెరో కాగితం ఇచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకోమంది. కుడిచేతిది లాగితే చిరిగింది. ఎడమచేతిది లాగితే ఊరికే వచ్చేసింది. మోచేతి దగ్గర నరం నలుగుతోందట. ఆపరేషన్ చేస్తే ఇంక ముదరదు. పోయిన పట్టు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనంది. "మొదట్లోనే వచ్చుంటే" అని, మిగతాది అనలేదు.

మా ఆవిడ బయట బెంచీ మీద నా ఎడమచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాన్న తప్పేం లేదని మీరే చెప్పకుండా ఉంటే నేను మీతో ఇక్కడిదాకా వచ్చేదాన్ని కాదు" అంది. నిజమే అన్నాను.

జూలై 3, గురువారం

పొద్దున్నించి షెడ్డులో రంపం చప్పుడు. ఎదురింటాయన పాత తలుపు పుచ్చిపోయిందట, మామయ్య కొత్తది చేస్తున్నాడు. గదిలో చేసే పనేం లేదు. గోడకి గిటార్ తగిలించే మేకు ఒకటి ఉంది, దాన్ని ఎంతసేపని చూడను. వెళ్ళి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. పొమ్మంటాడనుకున్నాను. పొమ్మనలేదు, రమ్మనలేదు. వారమైంది మాట్లాడి.

పొడుగు చెక్క ఒకటి బల్లల మీద పరిచి ఉంది. ఇటు కొస నుంచి అటు కొసకి ఆయన చెయ్యి అందదు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తరవాత నా వైపు చూడకుండానే టేపు కొస నా ముందుకి చాపాడు.

అలవాటు కొద్దీ ఎడమచేత్తో అందుకున్నాను. ఆయన అటు చివరికి వెళ్ళి లాగగానే నా వేళ్ళలోంచి జారి, టేపు ఝయ్యిమని ఆయన దగ్గరికి పోయి చుట్టుకుంది. ఆయన దాన్ని చూశాడు, నా చేతిని చూశాడు. మళ్ళీ నడిచొచ్చి కొస నాకిచ్చాడు.

"కుడిచేత్తో పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను.